రాగిరేకు మీద రాజ్యం – 6: యువరాజు భోజనం, బజారు బాకీ

హైదరాబాద్ నిజాం అలీ ఖాన్ పంపిన వజ్రం 1786 జూన్‌లో లండన్ చేరి మూడో జార్జి రాజు చేతికి అందిన వైనం గత భాగంలో చదివాం. సరిగ్గా అదే రోజుల్లో ఇండియాలో గవర్నర్ జనరల్‌గా చేసివచ్చిన వారన్ హేస్టింగ్స్ మీద పార్లమెంటులో అభియోగాలు నడుస్తున్నాయి. వజ్రానికీ అభియోగాలకూ ముడిపెట్టి బొమ్మల అంగళ్లవాళ్లు రాజును లంచగొండిగా చూపించారు. ఆ మాట నిజమో కాదో తేలకముందే లండన్ జనం నమ్మేశారు. అంత తొందరగా నమ్మడానికి కారణం ఉంది. రాజుగారింటి డబ్బు సంగతులు అప్పటికే వీధిన పడ్డాయి. వాటిని వీధిన పడేసినవాడు ఆ ఇంటి పెద్ద కొడుకు.

1792 జూలై 2. లండన్ ఓల్డ్ బాండ్ స్ట్రీట్‌లో 18వ నంబరు దుకాణం. దాని యజమానురాలు హానా హంఫ్రీ. అచ్చుబొమ్మల వ్యాపారం ఆమె కుటుంబానిదే. పెళ్లి చేసుకోకుండా, సొంతంగా అంగడి పెట్టుకుని, ఊళ్లో అందరికన్నా పదునైన చిత్రకారుణ్ణి తనవైపు తిప్పుకున్న మనిషి ఆమె. ఆ చిత్రకారుడు జేమ్స్ గిల్‌రే. ఆ రోజు ఆమె దుకాణం నుంచి వెలువడిన కొత్త బొమ్మ పేరు ‘అజీర్ణపు బాధలో భోగలాలసుడు’.

బొమ్మలో ఒకే ఒక మనిషి. పేరు రాయలేదు. రాయాల్సిన పనీ లేదు. ముప్ఫై నిండడానికి నెల పైన పదిరోజులున్న వేల్స్ యువరాజు జార్జిని గుర్తుపట్టలేనివాడు ఆ ఊళ్లో లేడు. భోజనం ముగిసింది. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. పొట్ట ముందుకు పొడుచుకొచ్చింది. వేస్ట్‌కోటు గుండీలన్నీ ఊడి, ఒక్క గుండీ మాత్రం ఆ భారమంతా మోస్తోంది. చేతిలో ఫోర్కు. దాంతో పళ్లు కుట్టుకుంటున్నాడు. కళ్లలో మత్తూ లేదు, మెలకువా లేదు. ముందున్న బల్ల మీద తినగా మిగిలిన మాంసం, ఎముకలు, మద్యం పాత్రలు. కింద ఖాళీ సీసాలు.

ఇంతవరకు చూసి నవ్వుకుని వెళ్లిపోయినవాళ్లు చాలామంది ఉండి ఉంటారు. గిల్‌రే బొమ్మను అలా చూడకూడదు. అతను మూలమూలలా ఏదో ఒకటి దాచిపెడతాడు. యువరాజు వెనక చిన్న స్టాండు మీద నిండిపోయిన మూత్రపాత్ర ఉంది. దాని కింద కాగితాల కట్ట. కాగితాలు ఎగిరిపోకుండా పాత్రను బరువుగా పెట్టారు. అవేం కాగితాలు? కోళ్ల వ్యాపారి బిల్లు, కసాయి బిల్లు, రొట్టెల వ్యాపారి బిల్లు. ఒక్కటీ చెల్లించలేదు. పక్కన మొలలకు మందు, నోటి దుర్వాసన పోవడానికి చుక్కల మందు. సుఖవ్యాధులకు వాడే సిరప్పు, మాత్రలు కూడా ఉన్నాయి. అవన్నీ ఆనాటి లండన్‌లో పేరుపెట్టి అమ్మిన సరుకులే. నేల మీద పాచికలు, న్యూమార్కెట్ గుర్రప్పందేల జాబితా, ఫారో అనే పేకాటలో భాగస్వాముల లెక్క. వాటితోపాటు మరో కాగితం: చెల్లించని పరువు బాకీల పట్టిక. గోడమీద యువరాజు ఈకల చిహ్నం ఉంది. దానితోపాటు కత్తీ ఫోర్కూ అడ్డంగా పెట్టి ఉన్నాయి. మరోవైపు లుయీజీ కొర్నారో చిత్రం. మితంగా తిని దీర్ఘాయువు పొందడం గురించి పుస్తకం రాసి, తానూ అలాగే ముసలితనం పండేదాకా బతికిన వెనిస్ పెద్దమనిషి ఆయన. ఆ పటంలో మంచినీళ్లు తాగుతున్నాడు. కిటికీలోంచి చూస్తే యువరాజు కట్టిస్తున్న కార్ల్‌టన్ హౌస్ స్తంభాల వరుస, ఇంకా పూర్తికాకుండా, కనిపిస్తుంది.

ఈ బొమ్మలో అసలు పాత్రలు కనిపించని మనుషులని నా అభిప్రాయం. కోళ్లు అమ్మినవాడు, మాంసం కోసి పంపినవాడు, తెల్లవారుజామున లేచి రొట్టె కాల్చినవాడు. పొట్ట యువరాజుది. అందులోని తిండి మాత్రం ఇంకా వాళ్ల ఖాతాలోనే ఉంది. గిల్‌రే లావుపాటి మనిషిని వెక్కిరించి ఊరుకుని ఉంటే ఈ బొమ్మ పదేళ్లు కూడా బతికేది కాదు.

ఇంత బాకీ ఎలా పెరిగింది? మొదటినుంచీ చూద్దాం.

యువరాజు పుట్టిన హానోవర్ వంశంలో తండ్రీకొడుకులకు పడకపోవడం ఆనవాయితీ. మొదటి జార్జికీ రెండో జార్జికీ పడలేదు. రెండో జార్జికీ అతని కొడుకు ఫ్రెడరిక్‌కూ అసలే పడలేదు. మూడో జార్జి తన పిల్లల్ని క్రమశిక్షణతో పెంచి ఈ శాపం తప్పించుకోవాలనుకున్నాడు. పొద్దున్నే లేవాలి, వేళకు చదవాలి, సాదా తిండి తినాలి. ఆ కట్టుబాట్లలో పెరిగిన పెద్దకొడుకు పద్దెనిమిదేళ్లు దాటగానే కట్లు తెంచుకున్నాడు. తండ్రికి బొత్తిగా గిట్టని చార్లెస్ జేమ్స్ ఫాక్స్‌తో జతకట్టాడు. ఫాక్స్ గొప్ప వక్త, ప్రతిపక్ష నాయకుడు, పచ్చి జూదరి. కొడుకు ఆ గుంపులో చేరడం తండ్రికి ఇంటి గొడవగానూ రాజకీయ ద్రోహంగానూ కనిపించింది.

1783లో యువరాజుకు ఇరవై ఒకటో ఏడు నిండింది. ఏడాదికి లక్ష పౌండ్లు ఇప్పించాలని ఫాక్స్ వర్గం పట్టుబట్టింది. రాజు ససేమిరా అన్నాడు. చివరికి రాజు తన ఖర్చుల పద్దులోంచి ఏటా 50 వేలు, పార్లమెంటు ఒకేసారి 60 వేలు ఇచ్చేలా కుదిరింది. దానికితోడు కార్న్‌వాల్ జమీ ఆదాయం ఉండనే ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్ పల్లెల్లో కూలిమనిషికి వారానికి ఎనిమిది, తొమ్మిది షిల్లింగులు వచ్చేవి. ఏడాది పొడుగునా ఒళ్లు విరుచుకుంటే ఇరవై పౌండ్లు చిల్లర.

యువరాజుకు ఆ డబ్బు ఆనలేదు. కార్ల్‌టన్ హౌస్‌ను హెన్రీ హాలండ్ అనే వాస్తుశిల్పికి అప్పగించి మొత్తం మార్చేయమన్నాడు. స్తంభాలు, అద్దాలు, ఫ్రెంచి సామాను, పట్టుతెరలు వచ్చాయి. ఓ గది పూర్తయ్యేసరికి ఇంకో గది పాతబడినట్టు తోచేది. గుర్రపుశాల ఖర్చు వేరే. విందుల ఖర్చు చెప్పనే అక్కర్లేదు. 1785 డిసెంబరులో మరియా ఫిట్జ్‌హర్బర్ట్ అనే క్యాథలిక్ వితంతువును రహస్యంగా పెళ్లాడాడు. రాజు అనుమతి లేకుండా జరిగిన ఆ పెళ్లి చట్టం ముందు చెల్లదు. క్యాథలిక్కును పెళ్లాడినవాడికి సింహాసనం దక్కదు కాబట్టి బయటపెట్టడానికీ లేదు. అంటే మరో ఇంటి ఖర్చు కూడా చాటుగా మోయాలి.

1786 నాటికి అప్పు రెండున్నర లక్షల పౌండ్లు దాటిపోయింది. తండ్రిని అడిగితే కుదరదన్నాడు. అప్పుడు యువరాజు ఆడిన నాటకం లండన్ అంతా చూసింది. కార్ల్‌టన్ హౌస్ తలుపులు మూయించాడు. పని ఆపించాడు. గుర్రాలూ బండ్లూ అమ్మకానికి పెట్టాడు. పేదవాణ్ణైపోయానని ఊరంతా తెలిసేలా బ్రైటన్ సముద్రతీరానికి వెళ్లిపోయాడు. అక్కడ అతని వంటశాల అధికారి లూయీ వెల్ట్‌యే మాట్లాడిపెట్టిన ఇంట్లో దిగాడు. మరుసటి ఏడాదికే హాలండ్ దాన్ని కూడా పెద్ద భవనంగా మార్చే పనిలో పడ్డాడు.

1786 వసంతంలోనే గిల్‌రే ఒక బొమ్మ వేశాడు. అందులో రాజూ రాణీ ఖజానాలోంచి జేబులు పొంగిపొర్లేలా డబ్బు నింపుకుని బయటికొస్తుంటే, చిరిగిన బట్టల్లో నిలబడ్డ యువరాజుకు ఫ్రాన్సు ఆర్లియన్స్ ప్రభువు అప్పు ఇవ్వజూపుతుంటాడు. ఒక పక్క యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న నావికుడు నేలమీద కూర్చుని అడుక్కుంటున్నాడు. గిల్‌రే తండ్రి సైనికుడు. 1745లో ఫొంటెన్వా యుద్ధంలో చేయి పోగొట్టుకుని, చెల్సీలోని సైనికుల ఆశ్రమం పింఛనుతో బతికినవాడు. ఆ నావికుణ్ణి గీసిన చేతికి అలాంటి మనిషి ఇల్లెలా ఉంటుందో తెలుసు.

1787లో పార్లమెంటు దిగొచ్చింది. అప్పులు తీర్చడానికి లక్షా 61 వేల పౌండ్లు, కార్ల్‌టన్ హౌస్ పూర్తిచేయడానికి మరో 60 వేలు మంజూరు చేసింది. ఆ సందర్భంలోనే రహస్య వివాహం మాట సభలో లేచింది. అదంతా కట్టుకథ అని ఫాక్స్ నిండుసభలో చెప్పాడు. యువరాజు మాట నమ్మి చెప్పాడు, పరువు పోగొట్టుకున్నాడు. ఒక్క అప్పుల పద్దు కిందే మంజూరైన సొమ్ము పల్లె కూలీలు ఏడెనిమిది వేలమందికి ఏడాది కూలి. ఇక బుద్ధిగా ఉంటానని యువరాజు మాట ఇచ్చాడు. ఆ మాట ఎన్నాళ్లు నిలిచిందో 1792 బొమ్మలో మూత్రపాత్ర కింది కాగితాలు చెబుతున్నాయి.

ఇక్కడ కాసేపు బజారులోకి వెళ్లాలి. ఆనాటి లండన్‌లో పెద్దింటివాళ్లు అంగడికెళ్లి డబ్బిచ్చి సరుకు కొనడం అరుదు. అంతా అరువే. దర్జీ, కసాయి, బండ్లు చేసేవాడు, కొవ్వొత్తులవాడు ఖాతా రాసుకుని ఏడాదికోసారి బిల్లు పంపేవారు. ఏడాది రెండేళ్లయినా అడగడానికి భయం. గట్టిగా అడిగితే ఆ ఇంటి ఖాతా పోతుంది. ఆ ఇంటి ఖాతా పోతే పక్కింటి ఖాతాలూ పోతాయి. అందుకని ధర పెంచి రాసుకునేవారు. ఆ పెంపు మాత్రం వేళకు డబ్బిచ్చే మామూలు గృహస్థు మీదా పడేది. పైగా అంగడివాడూ ఎక్కడో అరువు తెచ్చినవాడే. యువరాజు బాకీ కట్టకపోతే కసాయి పశువుల వర్తకుడికి కట్టలేడు. వర్తకుడు పల్లెలో రైతుకు కట్టలేడు.

అప్పు తీర్చని మామూలు మనిషికి ఆ దేశంలో జైలే గతి. లండన్‌లోనే ఫ్లీట్, మార్షల్‌సీ, కింగ్స్ బెంచ్ అని అప్పులవాళ్లతో నిండిన జైళ్లు ఉండేవి. బాకీ తీరేదాకా అక్కడే. కొందరు భార్యాబిడ్డలతో సహా అక్కడే కాపురం. ప్రభువులనూ పార్లమెంటు సభ్యులనూ మాత్రం అప్పు కోసం అరెస్టు చేయడానికి వీల్లేదు. యువరాజుకు కోళ్లు పంపి దివాలా తీసిన వ్యాపారి జైలుకు పోవచ్చు, ఆ కోళ్లు తిన్నవాడి జోలికి ఎవరూ పోలేరు. చట్టం అలా ఉంది.

పరువు బాకీ అంటే జూదంలో ఓడిన సొమ్ము. జూదం అప్పును కోర్టు వసూలు చేసిపెట్టదు, 1710 చట్టం ప్రకారం ఆ పత్రాలకు విలువ లేదు. మాట మీద నిలబడి తీర్చాల్సిందే కాబట్టి దానికి పరువు బాకీ అని పేరొచ్చింది. పెద్దమనిషి మొదట తీర్చేది అదే. కసాయి బిల్లు ఎంత నిలవున్నా పరువు పోదు, తోటి ప్రభువుతో ఆడి ఓడిన పందెం మర్నాటికి తీర్చకపోతే పోతుంది. గిల్‌రే తన బొమ్మలో ఆ పట్టికను కూడా చెల్లించనిదిగా చూపించాడు. కోళ్లవాడికీ ఇవ్వలేదు, పేకాట స్నేహితుడికీ ఇవ్వలేదు. ఆ వర్గం నడుమ ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు.

న్యూమార్కెట్ జాబితాకూ కథ ఉంది. 1791 అక్టోబరులో యువరాజు గుర్రం ‘ఎస్కేప్’ ఒకరోజు అందరికన్నా వెనకబడింది. మర్నాడు మంచి పందెపు ధర మీద గెలిచింది. నడిపినవాడు శామ్ చిఫ్నీ అనే పేరున్న జాకీ. కావాలనే మొదటిరోజు వెనక్కి లాగాడని గుసగుసలు బయలుదేరాయి. జాకీ క్లబ్ పెద్దలు విచారించి, చిఫ్నీతో స్వారీ చేయిస్తే మీ గుర్రంతో పోటీకి ఏ పెద్దమనిషీ రాడని యువరాజుకే చెప్పేశారు. అతను చిఫ్నీని వదులుకోలేదు, న్యూమార్కెట్‌నే వదులుకున్నాడు. తన మనిషిని వెనకేసుకొచ్చిన ఆ ఒక్క పని నాకు నచ్చుతుంది. బొమ్మ వచ్చేనాటికి ఈ గొడవ జరిగి ఏడాది కూడా కాలేదు. చూసినవాళ్లకు ఆ జాబితా అర్థం విప్పి చెప్పే పని లేదు.

ఇలాంటి బొమ్మ తయారుకావడం చూడదగ్గ పని. నున్నటి రాగిరేకు మీద మైనం, బంక కలిపిన పూత పూసి, పొగ పట్టించి నల్లబరుస్తారు. ఆ నలుపు మీద సూదితో గీస్తే పూత లేచి కింద రాగి మెరుస్తుంది. తర్వాత రేకు మీద ఆమ్లం పోస్తారు. పూత ఉన్నచోట ఆమ్లం రాగిని ముట్టదు, గీత ఉన్నచోట తొలిచేస్తుంది. తక్కువసేపు ఉంచితే సన్నగీత, ఎక్కువసేపు ఉంచితే లోతైన నల్లగీత. పూత తుడిచి, సిరా పట్టించి, పైసిరా గుడ్డతో తుడిచేసి, తడికాగితం వేసి రెండు రోలర్ల మధ్య నొక్కుతారు. గీతల్లో నిలిచిన సిరా కాగితానికి ఎక్కుతుంది. అచ్చులో అంతా తిరగబడుతుంది కాబట్టి అక్షరాలన్నీ రేకు మీద కుడి ఎడమలు తారుమారుగా రాయాలి. గిల్‌రే కుర్రతనంలో అక్షరాలు చెక్కే పనికే శిష్యుడుగా కుదిరాడు. తర్వాత రాయల్ అకాడమీలో బొమ్మలు గీయడం నేర్చాడు. చిన్నచిన్న బిల్లుల మీద కూడా అక్షరాలు అంత తేటగా పలకడానికి ఆ తొలి చదువే కారణం. యువరాజు నున్నటి బుగ్గలకు గీతలు కాకుండా సన్నటి చుక్కలు వాడాడు. చక్కటి రూపచిత్రాలకు వాడే పద్ధతి అది. ముఖం అందంగానే ఉంటుంది. ఆ అందం మిగతా గదిని ఇంకా రోతగా చూపిస్తుంది.

నలుపు అచ్చుల మీద ఒక్కొక్కదానికీ చేత్తో రంగులద్దేవారు. రంగు బొమ్మ కొనాలంటే కొన్ని షిల్లింగులు కావాలి. కూలిమనిషి కొనలేడు. కొనేది పెద్దలే. కొనలేనివాళ్లు దుకాణం కిటికీ ముందు గుమిగూడి చూసేవారు. ప్రభువూ బండివాడూ పక్కపక్కన నిలబడి ఒకే బొమ్మ చూసిన చోటు అది. సందట్లో జేబులు కొట్టేవాళ్లూ ఉండేవారు. పికడిల్లీలో ఫోర్స్ అనే వ్యాపారి బొమ్మల సంపుటాలను సాయంత్రం విందులకు అద్దెకిచ్చేవాడు. భోజనాలయ్యాక అతిథులు వాటిని తిరగేస్తూ నవ్వుకునేవారు.

జూలై 28న హంఫ్రీ దుకాణం దీనికి జోడుబొమ్మ విడుదల చేసింది. ‘మితభోజనం చేస్తున్న నిగ్రహం’. ఈసారి రాజూ రాణీ. కోట్లకు పడగెత్తిన రాజు అతుకులు వేసిన లాగుతో కూర్చుని ఉడికించిన గుడ్డు తింటున్నాడు. రాణి షార్లెట్ ఆకుకూర నోట్లో కుక్కుకుంటోంది. కుర్చీ పాడవకుండా పైన తొడుగు. పొయ్యిలో నిప్పు లేదు. దానగుణాన్ని చూపాల్సిన పటం చట్రంలో బొమ్మే లేదు. గదిలో ఇనుప పెట్టె మాత్రం గట్టిగా తాళం వేసుంది. కొడుకు అప్పుచేసి పప్పుకూడు తింటుంటే తండ్రి డబ్బు మీద కూర్చుని గుడ్డు తింటున్నాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే గిల్‌రే ఉద్దేశం బోధపడుతుంది. ఆ సంవత్సరం మార్చిలోనే అతను రాజదంపతులను మరో బొమ్మలో పట్టుకున్నాడు. కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చక్కెరను మానేయాలని అప్పట్లో ఉద్యమం నడుస్తోంది. ఆ బొమ్మలో రాజుగారిల్లు చక్కెర లేని టీ తాగుతుంది. రాజు మురిపెంగా తాగుతున్నాడు, కూతుళ్లు మొహాలు చిట్లిస్తున్నారు. రాణి అన్నిటికన్నా ముఖ్యంగా అందులో మిగిలే డబ్బును గుర్తుచేస్తుంది.

ఈ బొమ్మలు వచ్చిన వేళ మామూలుది కాదు. ఫిబ్రవరిలో టామ్ పెయిన్ ‘మానవ హక్కులు’ రెండో భాగం వెలువడింది. మే 21న రాజద్రోహ రచనలను అణచాలని రాజు ప్రకటన చేశాడు. జూన్ 20న పారిస్ జనం ఫ్రెంచి రాజభవనంలో చొరబడ్డారు. ఆగస్టు 10న అక్కడ రాచరికమే కూలింది. పుస్తకాలు రాసినవాళ్లను కోర్టుకీడ్చిన ప్రభుత్వం ఈ బొమ్మల జోలికి వెళ్లలేదు. వెళితే యువరాజు బిల్లులు, మందుల పేర్లు అన్నీ కోర్టులో చదివి, ఇదంతా మా యువరాజు గురించే అని వాదించాలి. ఆ పనికి ఎవరు పూనుకుంటారు? గిల్‌రే విప్లవకారుడు కూడా కాదు. సెప్టెంబరులో పారిస్ హత్యాకాండ వార్తలు రాగానే విప్లవకారులను నరమాంసభక్షకులుగా గీశాడు. 1797 నుంచి ప్రభుత్వం ఇచ్చిన పింఛను పుచ్చుకున్నాడు. అతణ్ణి పేదల పక్షపాతి అని పొగడడం నాకు సమ్మతం కాదు. అయితే ఆ రాగిరేకు మీద కసాయి బిల్లును గీయాలని తోచింది అతనికే.

యువరాజుకు బుద్ధి వచ్చిందా? 1795 నాటికి అప్పు 6 లక్షల 30 వేల పౌండ్లకు చేరింది. దాన్నుంచి బయటపడడానికి బ్రన్స్‌విక్ రాకుమారి కారొలైన్‌ను పెళ్లాడాడు. ఆ పెళ్లి ఎంత ఘోరంగా బెడిసికొట్టిందో మరోసారి చెప్పుకోవాలి. ఇంకో సంగతి. ఈ యువరాజు తనను తిట్టిన బొమ్మల్ని కూడా కొని దాచేవాడు. రాజైన 1820లోనే జార్జి క్రుక్‌షాంక్ అనే చిత్రకారుడికి నూరు పౌండ్లిచ్చి, తనను అసభ్యంగా గీయనని రాయించుకున్నాడు. విండ్సర్ కోటలో పోగైన వ్యంగ్యచిత్రాలు వేల సంఖ్యలో 1921లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అమ్ముడుపోయాయి. ఇవాళ పరిశోధకులు వాటిని అక్కడ చూస్తున్నారు.

యువరాజు బాకీ పార్లమెంటు తీర్చింది, అంటే పన్ను కట్టిన ఇంగ్లండ్ జనం తీర్చారు. అదే కాలంలో మన వైపు మరో పెద్ద అప్పు పెరుగుతోంది. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల దగ్గర ఎడాపెడా అప్పులు చేసి, తీర్చడానికి సీమల శిస్తులు రాసిచ్చాడు. నెల్లూరు కూడా ఆ నవాబు ఏలుబడిలోనిదే. అప్పిచ్చినవాళ్లలో అందరికన్నా పేరుమోసిన పాల్ బెన్‌ఫీల్డ్ మద్రాసులో చిన్న ఉద్యోగిగా దిగి, లండన్‌లో ధనవంతుడుగా తేలాడు. 1785లో ఎడ్మండ్ బర్క్ ఆ అప్పుల మీద పార్లమెంటులో గంటల తరబడి మాట్లాడాడు. 1797లో గిల్‌రే బెన్‌ఫీల్డ్‌ను హైడ్ పార్కులో గుర్రమెక్కించి, ‘కౌంట్ రూపీ’ అని పేరుపెట్టి అచ్చేశాడు. ఆ రూపాయలు ఏ పొలాల్లోంచి, ఏ అమీను చేతుల మీదుగా, ఏ కాగితాలతో లండన్ చేరాయో వచ్చే భాగంలో చూద్దాం.